మందపోరు: పల్నాటి వీరగాథలో కావలి వీరత్వం, బాలచంద్రుని ఆజ్ఞాతిక్రమణం

పల్నాటి యుద్ధం అనగానే తెలుగు పాఠకునికి మొదట స్ఫురించే పేరు బాలచంద్రుడు. ఆ తరువాత బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ, మాంచాల. కన్నమదాసును, అలరాజును ఎరిగినవారు కొంత తక్కువ. లంకన్న పేరు సాహిత్య చరిత్ర గ్రంథాలలో కనబడటం అరుదు. కాని కార్యమపూడిలో ఏటా కార్తిక అమావాస్యతో మొదలయ్యే వీరారాధనోత్సవాల అయిదు దినాలలో ఒకటి పూర్తిగా లంకన్న పోరాటానిది. దానిని మందపోరు అంటారు. గ్రంథం దాదాపు మరచిన వీరుణ్ణి ఆచారం ఎనిమిది వందల ఏళ్ళ తరువాత కూడా మరువలేదు. ఈ అంతరం యాదృచ్ఛికం కాదు. పల్నాటి గాథలో వీరత్వం ఒక్కటి కాదు, రెండు. ఉంచిన చోట నిలిచి కాపాడి ఒరిగిన వీరత్వం ఒకటి. ఉండమన్న చోట ఉండక, పెద్దల మాట దాటి పోరిలో దూకిన వీరత్వం రెండవది. మొదటిదానికి లంకన్న, రెండవదానికి బాలచంద్రుడు ఆలంబనలు. ఈ రెండింటినీ పక్కపక్కన నిలిపి చూడటం, ముద్రణ యుగంలో రెండవది మొదటిదాన్ని ఎట్లా కప్పివేసిందో పరిశీలించటం ఈ వ్యాసం పని.

కథా నేపథ్యం సుపరిచితమే కనుక స్థూలంగా చెప్పుకోవచ్చు. హైహయ వంశీయుడైన అలుగురాజు వెలనాటి చోడుల కుమార్తె మైలమదేవిని వివాహమాడి పల్నాటిని అరణంగా పొందాడు. మైలమకు నలగామరాజు, వీరవిద్యాదేవికి మలిదేవాదులు, భూరమాదేవికి నరసింగరాజు మొదలైనవారు పుట్టారు. తండ్రి అనంతరం నలగాముడు గురజాలలో రాజయ్యాడు. అతని కొలువులో నాగమ్మ ప్రాబల్యం పెరిగిన కొద్దీ బ్రహ్మనాయుడు మలిదేవాదులతో వేరుపడి మాచర్లలో నిలిచాడు. కోడిపందెంలో ఓడి మాచర్లవారు ఏడేళ్ళ అరణ్యవాసానికి వెళ్ళారు. గడువు తీరిన తరువాత రాజ్యభాగం అడగటానికి రాయబారిగా వెళ్ళిన అలరాజు విషప్రయోగంతో మరణించాడు. ఆ మరణమే కార్యమపూడి రణానికి ప్రత్యక్ష కారణం. యుద్ధకాలాన్ని చరిత్రకారులు 12వ శతాబ్ది చివరి పాదంలో, 1182 ప్రాంతంలో ఉంచుతున్నారు. వెలనాటి చోడుల బలం సన్నగిల్లి కాకతీయుల బలం పెరుగుతున్న కాలమది. రెండు చిన్న రాజధానుల నడుమ పుట్టిన దాయాది తగవుకు అంత విస్తృతి రావటానికి ఆ రాజకీయ సంధికాలమే కారణమని భావించటం సమంజసం.

మంద అనే సరిహద్దు

లంకన్న కథ అరణ్యవాస కాలానిది. మాచర్లవారు ఊరు విడిచి వెళ్ళినప్పుడు తీసుకొని పోగలిగిన సంపద ఒక్కటే, పశువులు. కోట కదలదు, పొలం కదలదు, చెన్నకేశవుని గుడి కదలదు. కదిలేది మంద మాత్రమే. పల్నాటి నైసర్గిక స్వరూపం తెలిసినవారికి ఈ మాటకు వేరే వివరణ అవసరం లేదు. ఉత్తరాన కృష్ణ, పడమర దక్షిణాల నల్లమల అంచులు, నడుమ సున్నపురాతి నేలలు. నాగార్జునసాగర్ కాలువలు రాకముందు ఇది వర్షాధారపు మెట్ట సీమ. ఇక్కడ సేద్యానికి ఎంత విలువ ఉన్నదో పశువుకు అంతకు తక్కువ లేదు. రాజ్యం పోయిన రాజకుటుంబానికి మందే బొక్కసం, మందే ధాన్యాగారం. ఏడేళ్ళ తరువాత తిరిగి రావాలంటే ఆ మంద మిగిలి ఉండాలి.

నాగమ్మకు ఈ సంగతి అందరికంటె బాగా తెలుసునని గాథాకారుల అభిప్రాయం. మందాది ప్రాంతంలో మేస్తున్న మాచర్లవారి ఆలమందల మీదికి ఆమె చెంచులను పురికొల్పి పంపుతుంది. పశువులను కాచే బృందానికి నాయకుడు లంకన్న. అతడు వారిని ఎదిరించి, మందను కాపాడే ప్రయత్నంలో ఒరుగుతాడు. కథగా చెప్పదగినది ఇంతే. ఇందులో రథగజతురగాలు లేవు, రాజులు ఎదురెదురుగా నిలవలేదు, ప్రతిజ్ఞలు లేవు. నాయకులెవరూ ఆ క్షణాన అక్కడ లేరు. పోరు జరిగినది కోట ముందు కాదు, అడవి అంచున.

అయినా సైనిక దృష్టితో చూస్తే దీనికి ఉన్న ప్రాధాన్యం చిన్నది కాదు. నేటి భాషలో చెప్పాలంటే మంద ఒక సరిహద్దు స్థావరం, లంకన్న ఆ స్థావరంలోని చిన్నపాటి దళనాయకుడు. యుద్ధం చేయాలా వద్దా అని నిర్ణయించే అధికారం అతనికి లేదు. సంధి చేసుకొనే అధికారం అంతకన్నా లేదు. అతనికున్నది ఒక చోటు, ఆ చోటిని విడవకూడదన్న బాధ్యత. చెంచులకూ అతనికీ పగ లేదు. వారు పంపబడినవారు, ఇతడు నిలపబడినవాడు. ఇరుపక్కలా నిజమైన ప్రత్యర్థులు దూరాన ఉండగా, పోరి చచ్చినవారు మాత్రం అడవి దారులు ఎరిగిన కింది శ్రేణి మనుషులే. పల్నాటి గాథలో దొరల తగవుకు కావలివారు చెల్లించిన మూల్యం ఇంత స్పష్టంగా కనిపించే ఘట్టం మరొకటి లేదు.

పశువుల కోసం పోరటం, ప్రాణాలు విడవటం దక్షిణాపథంలో వీరత్వానికి ఉన్న అతి పురాతన రూపాలలో ఒకటి. సంగమ కాలపు తమిళ కవిత్వ సంప్రదాయంలో శత్రువుల ఆవులను పట్టుకొనిపోవటం వెట్చి, వాటిని విడిపించుకోవటం కరందై. రాయలసీమలోను, కన్నడ తమిళ దేశాలలోను నిలిచిన వీరగల్లులలో గణనీయమైన భాగం పశుగ్రహణాలలో పడినవారివి. రాజుల శాసనాలు గెలుపును చెపుతాయి. వీరగల్లు తరచుగా పడిపోయినవాణ్ణి చెపుతుంది, అది కూడా ఆ ఊరివాణ్ణి. లంకన్న ఆ శిలల వరుసలోని మనిషి. అతనికి శిలకు బదులు ఉత్సవంలో ఒక దినం దక్కింది.

భారత కథలోని ఉత్తర గోగ్రహణంతో పోల్చినప్పుడు భేదం మరింత తేటపడుతుంది. విరాటుని ఆవులను కౌరవులు పట్టినప్పుడు గోపాధ్యక్షుడు పురానికి పరుగెత్తి వచ్చి అంతఃపురంలోని ఉత్తరునికి విన్నవిస్తాడు. అతని పని అంతటితో సరి. వీరత్వం అక్కడినుంచి క్షత్రియులకు, బృహన్నల వేషంలోని అర్జునునికి బదిలీ అవుతుంది. తెలుగువారు తిక్కన విరాటపర్వాన్ని ఎంతగా చదువుకున్నారో వేరే చెప్పనక్కరలేదు. పల్నాటి గాథ ఆ నమూనాను అనుసరించలేదు. ఇక్కడ గోపాధ్యక్షుడు వార్తాహరుడు కాదు, వీరుడే అతడు. మందను విడిపించటానికి ఏ అర్జునుడూ రథమెక్కి రాలేదు.

తెలుగు దేశంలోనే ఇంకొక పోలిక ఉన్నది. కాటమరాజు కథాచక్రమంతా పశువుల మేతకు కట్టవలసిన పుల్లరి చుట్టూ తిరుగుతుంది. యాదవ వీరులకూ నెల్లూరి మనుమసిద్ధికీ ఎర్రగడ్డపాటి దగ్గర జరిగిన పోరుకు ఆ పుల్లరి తగవే మూలం. తంగిరాల వెంకట సుబ్బారావు పరిష్కరించి ప్రకటించిన ఆ కథలలో మందను కాచేవాడే కథానాయకుడు కనుక, అక్కడ పశువుల కావలి రాచరికంతో సమానమైన గౌరవం పొందింది. పల్నాటి గాథలో కథానాయకులు నాయకులు, రాజులు. అందువలన లంకన్న ఘట్టం ఉపకథగా ఒదిగింది. పల్నాటి సీమకు పుల్లరి మాట ఆ తరువాత కూడా కొత్త కాలేదు. 1921-22 నాటి పల్నాటి అటవీ సత్యాగ్రహం బ్రిటిషు ప్రభుత్వం విధించిన పుల్లరి మీదనే సాగింది. మించాలపాటి కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకులకు బలియైనది ఆ ఉద్యమంలోనే. ఏడు శతాబ్దాల వ్యవధి గల ఘటనలకు కార్యకారణ సంబంధం అంటగట్టటం చరిత్ర పద్ధతి కాదు. ఐనా, అదే అడవి అంచున, అదే మేత కోసం మరల నెత్తురు చిందిందని గుర్తించటంలో దోషం లేదు.

మేడపిలో విడిచిన బాలుడు

బాలచంద్రుని కథ దీనికి సరిగ్గా తలకిందులు. బ్రహ్మనాయుడు సేనలతో కార్యమపూడికి కదిలినప్పుడు కొడుకును వెంట తీసుకొని పోలేదు. బాలచంద్రుడు మేడపిలో ఉండిపోయాడు. తల్లి ఐతమ్మ ఒక్కగానొక్క బిడ్డ మీది ప్రేమతో యుద్ధవార్త అతని చెవిన పడకుండా కాచుకున్నది. అంటే అతనికి కూడా ఒక చోటు కేటాయింపబడింది. పోరు జరిగే చోటికి వెనుక, ఇంటిపట్టున. లంకన్న తన చోటును విడువక వీరుడయ్యాడు. బాలచంద్రుడు తన చోటును విడిచి వీరుడయ్యాడు.

అతణ్ణి కదిలించినది సేనాపతి పిలుపు కాదు, వీధిలో ఒక వైశ్య యువతి మాట. బొంగరాలాటలో విసిరిన బొంగరం అన్నమ్మ కాలికి తగిలి గాయమయింది. పెద్దలంతా రణభూమిలో ఉండగా ఇక్కడ ఆటలాడుతున్నావా అని ఆమె నిందించింది. ఈ చిన్న ఘట్టం పల్నాటి గాథలో అన్నిటికంటె ప్రసిద్ధమైనవాటిలో ఒకటి. బొంగరం, గాయం, ఎత్తిపొడుపు, ఆ వెంటనే బాల్యం ముగిసిపోవటం. ఖడ్గతిక్కన వృత్తాంతం దీనికి సోదరప్రాయం. యుద్ధం నుంచి వెనుదిరిగి వచ్చిన తిక్కనకు భార్య ఆడవారికి పెట్టినట్లు పసుపుముద్దతో స్నానానికి అమర్చటం, తల్లి విరిగిన పాలు వడ్డించటం, అతడు సిగ్గుపడి తిరిగి వెళ్ళి పోరాడి మరణించటం ప్రసిద్ధం. రెండు కథలలోను వీరుణ్ణి రణానికి పంపినవారు స్త్రీలే. భేదమేమంటే, తిక్కన పోరు నుంచి వచ్చినవాడు, బాలచంద్రుడు ఇంకా పోరు చూడనివాడు. తిక్కన కోల్పోయిన గౌరవం కోసం వెళ్ళాడు. బాలచంద్రుడు ఇంకా సంపాదించని దాని కోసం వెళ్ళాడు.

మాంచాల పాత్రను కూడా ఇక్కడ సరిగా అర్థం చేసుకోవలసి ఉన్నది. శ్యామాంగి మోహంలో ఉండి భార్య ముఖం చూడని బాలచంద్రుడు యుద్ధానికి పోతూ తొలిసారిగా ఆమె ఇంటికి వస్తాడు. ఆమె అతణ్ణి ఆపదు, వీరపత్నిగా సాగనంపుతుంది. ఆధునిక రంగస్థలం, చలనచిత్రం ఈ సన్నివేశాన్ని శృంగార వీరాల కలయికగా ఎంతో శోభాయమానంగా చూపాయి. కాని గాథలో ఆ రాత్రికి ఒక చేదు ఉన్నది. దాంపత్యం మొదలైన రోజే ముగిసిన ఒక స్త్రీ ధైర్యం అది. దానిని పురుషుని పరాక్రమానికి అలంకారంగా మాత్రమే చూడటం గాథకు న్యాయం చేయటం కాదు.

ఇక అనపోతరాజు. బాలచంద్రునికి తోడబుట్టినట్లు పెరిగిన సహచరులలో బ్రాహ్మణుడు మొదలు మంగలి, చాకలి, కుమ్మరి కులాలవారి వరకు ఉన్నారు. బ్రహ్మనాయుని చాపకూటి భావన తరువాతి తరంలో స్నేహరూపం ధరించిందనటానికి ఈ కూటమే నిదర్శనం. బ్రాహ్మణ హత్యాదోషం కలగకూడదని, అనపోతును మిషతో వెనుకకు పంపి తక్కినవారు ముందుకు సాగుతారు. తనను వంచించి విడిచి వెళ్ళారని గ్రహించిన అనపోతు ఆత్మార్పణం చేసుకుంటాడు. కార్యమపూడి చేరకముందే, శత్రువు ఎదురుపడకముందే ఒక వీరుడు నేలకొరిగాడు. అతణ్ణి చంపినది శత్రువు కత్తి కాదు. సహపంక్తిలో అన్నం పంచుకున్నవారికి సహమరణంలో పాలు పంచుకొనే హక్కు మాత్రం లేకపోయింది. చాపకూడు కులాన్ని భోజనం దగ్గర దాటగలిగింది గాని చావు దగ్గర దాటలేకపోయిందని ఈ ఘట్టం చెప్పకయే చెపుతున్నది. బాలచంద్రుని పరాక్రమాన్ని విశ్లేషించిన విమర్శ ఈ మరణం దగ్గర ఆగవలసినంత సేపు ఆగలేదు.

బాలచంద్రుడు రణస్థలి చేరునప్పటికి అక్కడ జరుగుతున్నది యుద్ధం కాదు, సంధి ప్రయత్నం. బ్రహ్మనాయుడు రక్తపాతం లేకుండా తగవు తీరే మార్గం వెదుకుతున్నాడు. కొడుకు రాకతో ఆ ప్రయత్నం చెడింది. అలరాజును చంపినవారితో పొత్తు ఏమిటని అతని వాదం. ఆ వాదంలో నిజం లేకపోలేదు. రాయబారిని చంపటం ఏ కాలపు రాజనీతిలోనైనా క్షమింపరాని నేరం. ఆ నేరానికి బదులు అడగకుండా కుదిరే సంధి ఎన్నాళ్ళు నిలుస్తుందన్న ప్రశ్న సహేతుకమైనదే. కాని ఆ ప్రశ్న వేయవలసినవాడు సేనాని, వేసినవాడు ఆజ్ఞ లేకుండా వచ్చిన పిన్నవాడు. తరువాత జరిగిన పోరులో బాలచంద్రుడు అసామాన్య శౌర్యంతో శత్రుసేనలలోకి చొచ్చుకొనిపోయి వీరమరణం పొందాడు. అతని వెంట ఇరుపక్షాల వీరులు దాదాపు అందరూ పోయారు. చివరకు బ్రహ్మనాయుడు, ఏ నలగాముని మీద కత్తి ఎత్తాడో ఆ నలగామునికే రాజ్యం అప్పగించి గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడని గాథ.

ఈ ముగింపును పక్కన పెట్టి బాలచంద్రుని శౌర్యాన్ని తూచటం కుదరదు. యుద్ధం దేనికోసం జరిగిందో అది నెరవేరలేదు. మలిదేవాదులకు రాజ్యం రాలేదు. గెలిచినవాడు తాను తీసుకోదగిన రాజ్యాన్ని ఓడినవానికి ఇచ్చి గుహలో అడుగుపెట్టాడు. బాలచంద్రుడు రాకపోయి ఉంటే సంధి నిలిచేదా అన్నది చరిత్రకారుడు జవాబు చెప్పగల ప్రశ్న కాదు. అయితే గాథాకారులు ఆ ప్రశ్నను దాచలేదు. సంధి కుదురుతున్న వేళలోనే బాలుణ్ణి ప్రవేశపెట్టారు. కొడుకును నిందించలేక, సమర్థించలేక నిలిచిన తండ్రిని చూపారు. కేవలం వీరస్తుతి చేయదలచిన కవి ఈ చిక్కును కథలో ఉంచడు. అభిమన్యుని కథలో పద్మవ్యూహంలోకి పంపినవారు పెద్దలే. అందువలన అతని మరణం వారి మీద భారం. బాలచంద్రుని పెద్దలు వద్దన్నారు. భారం ఎవరి మీద పడాలో తేలదు. బాలవీరులుగా ఇద్దరినీ ఒకే గాట కట్టటం వాడుకగా వస్తున్నది గాని ఆ పోలిక వయసు దగ్గరే ఆగిపోతుంది.

గ్రంథం ఎన్నుకున్న వీరుడు

లంకన్న మరుగున పడి బాలచంద్రుడు ముందుకు రావటానికి కారణాలు కథలో కొన్ని, కథ వెలుపల కొన్ని. పల్నాటి వీరుల పాట చాలా ముందే సీమ పొలిమేర దాటింది. వినుకొండ వల్లభరాయని పేర ఉన్న క్రీడాభిరామం ఓరుగల్లు వీధులలో ఈ వీరుల కథను వాద్యాలతో పాడటాన్ని వర్ణించింది. యుద్ధం జరిగిన రెండున్నర శతాబ్దాలలోపే ఆ పాట రాజధానీ నగరపు వినోదాలలో చేరిందన్నమాట. సీమ దాటిన పాటలో స్థానిక వివరాలు సన్నగిల్లటం, నాటకీయ ఘట్టాలు నిలవటం సహజం. మందాది ఎక్కడున్నదో ఓరుగల్లు శ్రోతకు అక్కరలేదు. బొంగరం దెబ్బ, మాంచాల వీడ్కోలు ఏ ఊరివానికైనా తెలుస్తాయి.

కొండవీటి రెడ్డిరాజుల విద్యాధికారి శ్రీనాథుడు పల్నాటి వీరచరిత్రను ద్విపదలో రచించాడని ప్రతీతి. ఆ కర్తృత్వం మీద పండితులలో వాదోపవాదాలు చాలా జరిగాయి. వాటిని ఇక్కడ తిరగదోడవలసిన పని లేదు. గమనింపదగినది ఒక్కటి. శ్రీనాథుని పేర వ్యవహరించే ద్విపదలో పండితుల చర్చకు కేంద్రమైనది బాలచంద్రుని యుద్ధభాగం. అక్కిరాజు ఉమాకాంతం 1911లో పల్నాటి వీరచరిత్రను విపులమైన పీఠికతో ప్రకటించినప్పుడు విద్యావంతులైన తెలుగువారికి ఈ గాథ మొదటిసారిగా గ్రంథరూపంలో అందింది. అది వంగ విభజన వ్యతిరేకోద్యమం వేడి చల్లారని కాలం, ఆంధ్రోద్యమం రూపు దిద్దుకుంటున్న కాలం. పెద్దలు రాజీకి చూస్తుండగా ఒప్పుకోక ముందుకు దూకిన యువకుడు ఆనాటి పాఠకునికి ఎంత దగ్గరివాడుగా తోచి ఉంటాడో ఊహించటం కష్టం కాదు. అడవి అంచున ఆవులు కాస్తూ పడిపోయినవాడు ఆ అవసరానికి పనికివచ్చేవాడు కాదు. జాతీయోద్యమానికి కావలసినది కదిలే వీరుడు; నిలిచే వీరుడు కాదు.

చలనచిత్రం ఆ ఎన్నికను స్థిరపరచింది. గూడవల్లి రామబ్రహ్మం ప్రారంభించగా ఆయన మరణానంతరం ఎల్.వి. ప్రసాద్ పూర్తి చేసిన 1947 నాటి 'పల్నాటి యుద్ధం'లో అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రుడు. 1966 నాటి చిత్రంలో ఎన్.టి. రామారావు బ్రహ్మనాయుడు, భానుమతి నాగమ్మ. ఈ రెండు చిత్రాల తరువాత ఆంధ్రదేశంలో పల్నాటి కథ అంటే తండ్రి, కొడుకు, నాయకురాలు అనే త్రికోణమే. చిత్రానికి ముగ్గురు నలుగురు ప్రధాన పాత్రలు తప్ప పట్టవు. దానిని తప్పు పట్టటం వృథా. కాని సాహిత్య పరిశోధన కూడా ఆ త్రికోణంలోనే తిరగటం మాత్రం విచారింపదగినది.

మౌఖిక సంప్రదాయం ఈ ఒత్తిడికి లొంగలేదు. జీన్ రాగేర్ 1970ల్లో పల్నాటికి వచ్చి, అలిశెట్టి గాలెయ్య పాడిన కథను సేకరించి, 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా ఆంగ్లంలో వెలువరించిన అధ్యయనం అందుకు సాక్ష్యం. వీరవిద్యావంతులుగా పేరొందిన మాల గాయకుల నోట కథ రాజుల పుట్టుపూర్వోత్తరాల నుంచి కార్యమపూడి వరకు దీర్ఘమైన కథాచక్రంగా సాగుతుంది. అందులో బాలచంద్రుడు ఒక శిఖరం, శిఖరమొక్కటే కొండ కాదు. కన్నమదాసు మాలకులజుడైన సేనాని కావటం, కథను కాపాడుతున్నవారు ఆ కులంవారే కావటం కూడా ఇక్కడ స్మరింపదగినవి. వీరుని పక్షాన పాడేవారు ఎవరో ఆ వీరుడు ఎంత కాలం నిలుస్తాడో నిర్ణయిస్తారు. గ్రంథపరిష్కర్తలకు లంకన్న పక్షాన మాట్లాడవలసిన అవసరం కలగలేదు. గాయకులకు, ఆచారవంతులకు కలిగింది.

ఉత్సవ క్రమం

కార్యమపూడి ఉత్సవంలో అయిదు దినాల పేర్లు వరుసగా రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఈ వరుసను కథాక్రమంతో పోల్చినవారికి ఒక వింత కనబడుతుంది. కథలో ముందు కోడిపోరు, దాని ఫలితంగా అరణ్యవాసం, అరణ్యవాసంలో మందపోరు, అది ముగిసిన తరువాత రాయబారం, చివర రణం. ఉత్సవంలో నడిమి మూడు దినాలు వెనుక నుంచి ముందుకు నడుస్తాయి. ముందు రాయబారం, తరువాత మందపోరు, ఆ తరువాత కోడిపోరు. మొదటి దినం గావు, చివరి దినం రణం. నడుమ కారణాలను ఒక్కొక్కటిగా వెనుకకు తవ్వుకుంటూ పోయి, అన్నిటికీ మూలమైన కోడిపందెం దగ్గరికి చేరి, అక్కడినుంచి ఒక్క అడుగులో కల్లిపాటిలో పడతారు.

దీనిని ఆచార నిర్వాహకుల పొరపాటుగానో, కాలక్రమంలో జరిగిన తారుమారుగానో కొట్టివేయవచ్చు. కాని ఉత్సవాన్ని కథాభినయంగా కాక పితృస్మరణగా తీసుకుంటే ఈ క్రమానికి వేరొక అర్థం పొసగుతుంది. చనిపోయినవారిని తలచుకొనేవారు సంఘటనలను జరిగిన వరుసలో తలచుకోరు. దగ్గరి మరణం నుంచి దూరపు కారణానికి వెళతారు. అలరాజు ఎందుకు పోయాడు, అంతకుముందు లంకన్న ఎందుకు పోయాడు, అసలు ఇదంతా ఎందుకు మొదలయింది అన్న వరుస దుఃఖపు వరుస. ఇది ఊహ మాత్రమేనని ఒప్పుకుంటూనే, గ్రంథక్రమమే అసలైనదని, ఉత్సవక్రమం దాని భ్రష్టరూపమని అనుకోవటం కంటె ఈ ఊహ ఆధారాలకు దగ్గరగా ఉన్నదని చెప్పవచ్చు. ఏటా ఆ వరుసనే పాటించే ఆచారానికి తనదైన స్మృతి ఉన్నది.

ఆ క్రమంలో మందపోరు సరిగ్గా నడిమి దినం. ముందు రెండు, వెనుక రెండు. ఆనాడు లంకన్న ఒరిగే ఘట్టాన్ని ఆచారవంతులు అభినయిస్తారు. చాపకూడు జరిగేది కూడా ఆనాడే. కులభేదం లేక అందరూ ఒక్క చాప మీద కూర్చుండి భుజించే ఆ పంక్తిని బ్రహ్మనాయుని సంస్కరణకు చిహ్నంగా వ్యాఖ్యాతలందరూ చెపుతున్నారు. దానిని మాచర్ల చెన్నకేశవునితో, వీరవైష్ణవంతో ముడిపెట్టి చూడటం పరిపాటి. అయితే అది వీరుల మరణ దినాలలో వేరే ఏ దినాన కాక, పశువుల కాపరి పడిపోయిన నాడే ఎందుకు జరగాలి అన్న ప్రశ్న ఇంతవరకు బలంగా వినిపించలేదు. అలరాజు రాజకుమారుడు, బాలచంద్రుడు నాయకుని కొడుకు. వారి మరణాలకు వంశాలు ఉన్నాయి, భార్యలు ఉన్నారు, సహగమనం చేసిన పేరిందేవి వంటి పాత్రలు ఉన్నాయి. లంకన్నకు గాథలో అటువంటి పరివారం కనబడదు. అతనికి కర్మ చేయవలసినవారు, అతని పేర అన్నం తినవలసినవారు ఎవరన్నప్పుడు, మంద ఎవరిదో వారందరూ అన్నదే జవాబు కావాలి. ఊరందరి మందను కాచి చనిపోయినవాని దినాన ఊరందరూ కలిసి తినటంలో ఒక న్యాయం ఉన్నది. చాపకూటికి మత సంస్కరణతో పాటు ఈ మూలం కూడా ఉండి ఉండవచ్చునని ప్రతిపాదించటం సాహసమే గాని నిరాధారం కాదు.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడిన తరువాత ఈ సీమ చరిత్ర మీద ఆసక్తి మరింత పెరిగింది. నాగమ్మను దుష్టపాత్రగా కాక సమర్థురాలైన రాజకీయవేత్తగా పునర్విచారించే ధోరణి అంతకుముందే మొదలై బలపడుతున్నది. అది ఆహ్వానింపదగినదే. కాని నాగమ్మ పునర్విచారణ కూడా మందపోరు దగ్గరికి వచ్చి సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది. ప్రత్యర్థి ఆర్థిక మూలాన్ని దెబ్బ తీయటం రాజనీతి అయితే కావచ్చు. ఆ రాజనీతికి చెంచులు, పశులకాపరులు బలి అయ్యారన్నది కూడా అదే గాథ చెప్పిన సంగతి. బ్రహ్మనాయుని పక్షపు వ్యాఖ్యాతలకూ ఇదే వర్తిస్తుంది. కోడిపందెంలో రాజ్యాన్ని ఒడ్డినది లంకన్న కాదు.

మందపోరు ముగిసిన మరునాడు కోడిపోరు. నాగమ్మ పుంజు, బ్రహ్మనాయుని పుంజు తలపడే ఆ పందెాన్ని చూడటానికే జనం అధికంగా వస్తారు. దాని తరువాత కల్లిపాడు. పరిసర గ్రామాల నుంచి, దూర మండలాల నుంచి వీరుల వంశీయులుగా చెప్పుకొనేవారు తమ పూర్వుల ఆయుధాలను భుజాన మోసుకొని నాగులేటి ఒడ్డుకు వస్తారు. నీట ముంచి, పసుపు కుంకుమలు పెట్టి, పూలు చుట్టి వాటిని వీరుల గుడికి చేరుస్తారు. అక్కడ వీరులకు లింగరూపాలు ఉన్నాయి. అవి ఒకదానినొకటి పోలి ఉంటాయి. నాయకుని లింగం ఏదో, కావలివాని లింగం ఏదో తెలియనివాడు చూసి చెప్పలేడు.